పనిదినాల్లో దిగే కొండ

చుక్కానిదీవిలోని ఒకే ఒక్క పెద్ద కొండ, తన పేరు రద్దయిన మర్నాటి నుంచి రోజుకొక మీటరు చొప్పున సముద్రంలోకి దిగడం మొదలుపెట్టింది. ఆదివారాలు, రెండో శనివారాలు, ప్రభుత్వ సెలవులు మినహాయింపు. దిగమని దాన్ని ఎవరూ ఆదేశించలేదు. పేరు లేని స్థలానికి ఎత్తు ఉండరాదని స్థలనామాల నియమావళి రెండో పేజీలో ఉంది. కొండ దాన్ని పాటించింది. మనుషులు కూడా నియమాల్ని ఇంత శ్రద్ధగా పాటిస్తే ఆఫీసులెందుకని స్థలనామాల ఆఫీసు సీనియర్ అసిస్టెంటు పొట్నూరు వైకుంఠరావు అనుకున్నాడు గానీ, పైకి అనలేదు. ఆ దీవికి బదిలీ అయి వచ్చిన తొమ్మిదేళ్లలో అతను పైకి అనకుండా మింగిన మాటలు చాలా ఉన్నాయి. ఇది పెద్దదేమీ కాదు.

కొండ ఎత్తు పదకొండు వందల ఇరవై నాలుగు మీటర్లు. దీవి పొడుగు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు పదకొండు. కొండ సరిగ్గా మధ్యలో ఉంటుంది. పడమటి వైపు ఏడాదికి ఎనిమిది నెలలు వాన, కాలు పెడితే జలగ. తూర్పు వైపు ఎండ, జీడిమామిడి, ఎండుచేపల వాసన. ఆరు వందల మీటర్ల దాకా మహావృక్షాలు. ఆ పైన మనిషంత ఎత్తు ఫెర్న్ చెట్లు. తొమ్మిది వందలు దాటితే మబ్బు మొదలవుతుంది. అక్కడ గాలి దెబ్బకు చెట్లు నడుం ఎత్తుకు మించి పెరగవు, ప్రతి కొమ్మకూ నాచు పట్టి ఉంటుంది. శిఖరం ఏడాదికి నలభై రోజులు కనిపిస్తే గొప్ప. దానికి ఎవరూ బాధపడలేదు. కనిపించకపోయినా ఉంటాడని నమ్మడం దీవి జనానికి సెక్షన్ ఆఫీసరు దగ్గర ఎప్పుడో అలవాటైంది.

పాత పేరు తెల్లవాళ్లు పెట్టినది. నూట ముప్పై ఏళ్ల కిందట ఓడలో వెళ్తున్న హార్‌గ్రేవ్ అనే దొర, మబ్బు తొలగిన ఇరవై నిమిషాలు ఆ కొండను చూసి, దానికి తన బావమరిది పేరు పెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. దీవిలో కాలు పెట్టలేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి బావమరిది పేరు మన కొండకెందుకని ప్రభుత్వం ఆ పేరును రద్దు చేసింది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎవరూ పట్టలేదు కూడా. చిక్కల్లా ఏమిటంటే పేర్లు రద్దు చేసే సెక్షన్ వేరు, పేర్లు పెట్టే సెక్షన్ వేరు. రద్దు సెక్షన్‌లో సిబ్బంది పూర్తిగా ఉన్నారు.

పేర్లు పెట్టే సెక్షన్‌కు ఒక కమిటీ ఉంది. దాని ముందుకు నలభై మూడు పేర్లు వచ్చాయి. దీవిలో ఉన్న ప్రతి సంఘమూ తన కులానికో భాషకో చెందిన ఒక మహానుభావుణ్ని పంపింది. ఒక పెద్దమనిషి తన మామగారి పేరు మూడు వేర్వేరు సంఘాల తరఫున పంపించాడు. కోరానికి తొమ్మిది మంది కావాలి. కమిటీ సభ్యులు ఓడ మీద రావాలి, ఓడ వాతావరణాన్ని బట్టి రావాలి. కొండ దగ్గర ఆగవలసిన మబ్బు, కొండ దిగిపోవడంతో పాత ఎత్తులోనే దిక్కు తోచక నిలబడి, తర్వాత సముద్రం మీదికి పోయి కురిసేది. అందువల్ల ఓడలు ఇంకా ఆలస్యమయ్యాయి, కోరం కుదరలేదు.

రోజూ ఉదయం పదింటికి వైకుంఠరావు ఆఫీసు డాబా ఎక్కి, దుర్భిణిలోంచి కొండను కొలిచి, రిజిస్టరులో రాసేవాడు. తను కొలవకపోతే దిగదేమోనన్న ఆశతో ఒకసారి మూడు రోజులు జ్వరమని సెలవు పెట్టాడు. ఇన్‌ఛార్జి కొలిచాడు. మూడు మీటర్లూ దిగింది.

ఇవన్నీ ఎవరికి బాధ అంటే, మూడో మలుపు వాళ్లకు. రెండు వందల ముప్పై ఆరు మీటర్ల ఎత్తులో, కొండ దారిలో మూడో మలుపు దగ్గర ముప్పై ఒక్క గడప ఉన్న ఊరది. పేరు కూడా మూడో మలుపే. యాభై అయిదేళ్ల కిందట తుఫానుకు ఇళ్లు కొట్టుకుపోయిన శ్రీకాకుళం బెస్తవాళ్లను ప్రభుత్వం ఓడెక్కించి తీసుకొచ్చి, ఒక్కొక్క కుటుంబానికి అయిదెకరాల కొండ ఇచ్చింది. వల తప్ప మరొకటి పట్టనివాళ్ల చేతికి గునపం ఇచ్చారు. వాళ్లు ఏడ్చారు, తర్వాత అల్లం వేశారు, పోక వేశారు, అరటి వేశారు. సముద్రం కావాలని అడిగి అడిగి విసిగిపోయి మానేశారు. ఇన్నాళ్లకు సముద్రమే రోజుకొక మీటరు చొప్పున వాళ్ల దగ్గరికి బయల్దేరింది.

ఎనభయ్యో మీటరు దగ్గర ఉన్న మొదటి మలుపు ఏ బాధా లేకుండా మునిగింది. అక్కడ ఇళ్లు లేవు, ఒక బస్ షెల్టరు మాత్రం ఉండేది. నూట అరవై దగ్గరున్న రెండో మలుపు కూడా కొన్ని నెలలకు మునిగింది. మూడో మలుపు వాళ్లు ఎక్కడికీ పోలేదు. పోవాలంటే పునరావాసం కావాలి. పునరావాసం కావాలంటే ఫలానా కొండ నుంచి నిర్వాసితులమని అర్జీ పెట్టాలి. కొండ పేరు రాయవలసిన గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు అర్జీని తీసుకోదు.

అందుకని వాళ్లు సెలవుల మీద పడ్డారు. ఊళ్లో ప్రతి ఇంటి గోడకూ ప్రభుత్వ క్యాలెండరు వేలాడింది. ఏ మతం పండగైనా వాళ్లు భక్తితో చేశారు, ఎందుకంటే ఆ రోజు కొండ ఆగుతుంది. పండగ ఆదివారం నాడు వస్తే మనసు కష్టపెట్టుకున్నారు. పెద్ద నాయకులెవరికైనా ఒంట్లో బాగా లేదని రేడియోలో చెబితే, పాపమని తెలిసి కూడా చెవి అటు వేశారు. ఆ ఏడాది ఉద్యోగులు కరువు భత్యం కోసం పంతొమ్మిది పనిదినాలు సమ్మె చేశారు. ఆ రోజుల్లో కూడా కొండ కదల్లేదు. మూడో మలుపు ఆడవాళ్లు రోజూ జీపులో చేపల పులుసు, అన్నం తెచ్చి సమ్మె టెంటులో వడ్డించారు. కోర్కెలు నెరవేరి సమ్మె విరమించిన రోజు ఉద్యోగులు రంగులు చల్లుకుంటుంటే ఆ ఆడవాళ్లు గిన్నెలు సర్దుకుంటూ ఏడ్చారు. సంతోషంతో ఏడుస్తున్నారనుకుని యూనియన్ కార్యదర్శి వాళ్లకూ కాస్త రంగు పూశాడు.

కమిటీతో పనిలేకుండా పేరు తేల్చే దారి ఒకటి నియమావళిలో ఉంది. పద్నాలుగో నియమం. స్థానికులు ఎన్నాళ్లుగానో పిలుచుకుంటున్న పేరేదైనా ఉంటే, ఆ పేరు పెట్టిన కాలంలో అక్కడే ఉన్న మనిషి, అధికారి సమక్షంలో, ఇద్దరు సాక్షుల ముందు, దాన్ని తన నోటితో చెప్పాలి. చెప్పిన మాటను చెప్పినట్టుగా, ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా రాసుకోవాలి. అంతే. ఆ పేరు ఖాయం.

అలాంటి పేరు ఉంది. అలాంటి మనిషీ ఉంది. ఆమె సూరాడ కొర్లమ్మ. వయసు డెబ్భై ఆరు, చెవులకు కమ్మలు, చేతిలో ఎప్పుడూ ఒక గోనెసంచి. ఓడ దిగినప్పటి పెద్దవాళ్లలో మిగిలినది ఆమె ఒక్కతే. వాళ్లొచ్చిన రెండో ఏట సర్వేవాళ్లు కొండ మీద రాతి దిమ్మ కట్టడానికి కూలీల్ని పిలిచారు. రాళ్లు మోసుకుంటూ అందరికంటే ముందు శిఖరం ఎక్కినవాడు కొర్లమ్మ పెనిమిటి. దిగివస్తుంటే వానకు మట్టి జారి ఆయన మీద పడింది. మనిషి దొరకలేదు. ఎక్కడ ఉన్నాడో తెలియదు గనుక మొత్తం కొండనే ఆయన సమాధి అనుకుని, మూడో మలుపు మగవాళ్లు కొండను ఆయన పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఆ మగవాళ్లు ఒక్కొక్కరే పోయారు. వరసకు ఊళ్లో ఆడవాళ్లంతా ఆయనకు కోడళ్లు గనుక వాళ్లు ఆ పేరు పలకలేదు. పిల్లలు ఉత్త కొండ అంటూ పెరిగారు.

ఆ పేరేమిటో ఆఫీసులో అందరికీ తెలుసు. కొర్లమ్మ రేషను కార్డు మీద ఉంది, పింఛను కాగితంలో ఉంది. జీపు నడిపే ఆమె మనవడికి తాత పేరే పెట్టారు, అందువల్ల ఆమె ముప్పై ఏళ్లుగా అతన్ని ఓరే అనే పిలుస్తుంది. కానీ రేషను కార్డు నోరు కాదు. కొర్లమ్మ మొగుడి పేరు చెప్పదు. ఆమె చెప్పేలోపల మనం రాసేయడం మర్యాద కాదు గనుక ఇక్కడా రాయడం లేదు.

మూడో మలుపు నూట నలభై రెండు మీటర్ల మీద ఉన్నప్పుడు ఆమె మొదటిసారి ఆఫీసుకు వచ్చింది. వైకుంఠరావు కుర్చీ వేయించాడు. అతనిది నరసన్నపేట, ఆమె మాట వింటే అతనికి ఇల్లు గుర్తొచ్చింది.

“ఒక్క ముక్కమ్మా,” అన్నాడు. “పేరు చెప్పు, వేలిముద్ర వెయ్యి. రేపటి నుంచి కొండ ఆగిపోతుంది.”

“పెనిమిటి పేరు ఆడది సెప్పకూడదు బాబూ.”

“ఎందుకు చెప్పకూడదు?”

“సెప్తే ఆయనకి ఆయుస్సు తగ్గిపోద్ది.”

“కోపం తెచ్చుకోకు. ఆయన పోయి యాభై మూడేళ్లయింది కదమ్మా. ఇంకా తగ్గడానికేముంది?”

“మనిసి పోనాడు,” అంది కొర్లమ్మ. “కొండ ఉంది గదా. ఆ కొండే ఆయన. నాను నోరు జారితే కొండ ఆయుస్సు తగ్గదేటి?”

“నువ్వు చెప్పకపోతేనే తగ్గుతోందమ్మా.”

“నాను సెప్పకండానే ఇంత తగ్గిందంటే, సెప్తే ఇంకెంత తగ్గుద్దో.”

వైకుంఠరావు నియమావళిని ఇంకోసారి తిరగేశాడు. తర్వాత ఆమెకు టీ తెప్పించాడు. ఆమె సంచిలోంచి రెండు అల్లం కొమ్ములు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత వారానికోసారి వచ్చింది. చెప్పడానికి కాదు, చెప్పకుండా జరిగే మార్గం ఏమైనా దొరికిందేమో కనుక్కోవడానికి. ఆమెకు ఊరు మునగాలని లేదు. అల్లం తవ్వే కాలం దగ్గర పడుతోంది, ఇంటి వెనక మనవడు కొత్తగా గది కట్టుకుంటున్నాడు, ఆ గదికి కిటికీ తలుపులు ఇంకా రాలేదు. ఇవన్నీ ఆమె చెప్పేది. ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పేది.

వైకుంఠరావు మార్గాలు వెతికాడు. అది అతని ఉద్యోగంలో భాగం కాదు, అయినా వెతికాడు. ఆమెకు రాత రాదు. అందుకని తనే పేరు పలికి, అవునా అని అడిగి, ఆమె తల ఊపినట్టు పంచనామా రాసి పై ఆఫీసుకు పంపాడు. పదిహేడు మీటర్ల తర్వాత ఫైలు తిరిగొచ్చింది. “తల ఊపుట మాట కాదు” అని ఎర్ర సిరాతో రాసి ఉంది. మరోసారి ఆమె, రేవులో నీలం పడవ మీద రాసున్న పేరేనని గుర్తు చెప్పింది. అధికారిని రేవుకు తీసుకెళ్లి చూపించి, ఫొటో తీసి పంపాడు. ఇరవై ఒక్క మీటర్ల తర్వాత, పడవ స్థానిక నివాసి కాదని జవాబు వచ్చింది. ఫైలు పల్చగా ఉన్నప్పుడు ఊరు ఎత్తులో ఉండేది. ఫైలు లావెక్కిన కొద్దీ ఊరు దిగింది. వైకుంఠరావుకు ఫైలు ఎత్తి పక్కన పెట్టినప్పుడల్లా జబ్బలు లాగేవి. ఇంటికెళ్లి భోజనం చేసి వెంటనే పడుకునేవాడు.

మధ్యలో మూడో మలుపు వాళ్లు, కొండ దిగకుండా వరసగా సెలవులు ప్రకటించాలని మహజరు పెట్టుకున్నారు. సెలవు ఇస్తే కొండ దిగడానికి ఆఫీసు పనే కారణమని ఒప్పుకున్నట్టవుతుందని, అందువల్ల వీలుపడదని సమాధానం వచ్చింది. సమాధానం పంపడానికి ఆరు పనిదినాలు పట్టింది.

ఊరు తొమ్మిది మీటర్లకు వచ్చిన రోజు పొద్దున కొర్లమ్మ చెప్పులు తడిసి వచ్చింది. కింది బంజరులో నీళ్లు నిలిచాయని, అల్లం పచ్చిగానే తవ్వేస్తున్నామని చెప్పింది. ఆవేళ ఆమె సంచిలో అల్లం చాలా ఉంది. ఆఫీసులో అందరికీ పంచింది. “ఉప్పు తగిల్తే కుళ్లిపోద్ది, తినేయండి,” అంది. వైకుంఠరావు ఆమె మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంతవరకూ ఈ వ్యవహారంలో ఆఫీసు అటెండరు బగ్గు రాజులమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెది సోంపేట, ఇరవై రెండేళ్ల సర్వీసు. టీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చి, తీసుకోకుండా వైకుంఠరావు బల్ల పక్కనే నిలబడింది.

“బాబుగారూ, ఆ అమ్మ సెప్పదు. సెప్పకూడదు కూడాను. గానీ ఆడది మొగుడి పేరు సెప్పాల్సిన సోటొకటుంది గదా. అక్కడ సెప్పకపోతేనే తప్పు.”

“ఎక్కడ?”

“మీకు పెళ్లవలేదేటి?” అంది రాజులమ్మ.

వైకుంఠరావుకు అప్పుడు వెలిగింది. కొత్త కోడలు అత్తారింటికి వస్తే, ఆడపడుచు గడప దగ్గర చేతులడ్డం పెట్టి పేర్లు చెప్పి లోపలికి రమ్మంటుంది. పేర్లు చెప్పందే గడప దాటనివ్వరు. అక్కడ చెబితే ఆయుష్షు తగ్గదు, అక్కడ చెప్పడం వేడుక. అతని పెళ్లిలో అతని అక్క పావుగంట అడ్డం నిలబడింది. తొమ్మిది నెలలుగా పద్నాలుగో నియమాన్ని తిరగేసి మరగేసి చదివిన తనకు ఈ సంగతి తట్టనందుకు అతను సిగ్గుపడ్డాడు.

మర్నాడు కొర్లమ్మను మళ్లీ రమ్మన్నారు. అధికారిగారి కుర్చీని గదిలోంచి తెచ్చి తలుపుకు ఎదురుగా వేశారు. టైపిస్టు ఒక సాక్షి, వైకుంఠరావు రెండో సాక్షి. జీపు దిగి సంచి పట్టుకుని కొర్లమ్మ మెట్లెక్కింది. గడప దగ్గర రాజులమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“ఎవులొచ్చినారు?” అంది రాజులమ్మ. “పేర్లు సెప్పి లోపలికి రండి.”

కొర్లమ్మకు మొదట అర్థం కాలేదు. రాజులమ్మ చేతుల్ని చూసింది, గడపను చూసింది. తర్వాత సంచి కింద పెట్టింది. పమిట తల మీదికి లాక్కుంది. కొంచెం ఎడమకు జరిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడింది. అధికారిగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

“సిగ్గేటి?” అంది రాజులమ్మ, గొంతు తగ్గించి. “సెప్పు వదినా.”

“నానూ,” అంది కొర్లమ్మ, తల దించుకుని. “నానూ, దాలయ్యా వచ్చినాం.”

రాజులమ్మ చేతులు తీసేసింది. కొర్లమ్మ కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. వైకుంఠరావు తల వంచి రాసుకున్నాడు. కళ్లు మసకబారి గీత వంకర పోయింది, ఆ కాగితం చింపి ఇంకో కాగితం మీద రాశాడు.

“కొండకేటీ అవ్వనేదు గదా?” అని అడిగింది కొర్లమ్మ, వేలిముద్ర వేస్తూ.

అందరూ కిటికీలోంచి చూశారు. మబ్బు పట్టి ఉంది, ఏమీ కనిపించలేదు. మర్నాడు పదింటికి కొలిస్తే మామూలుగా ఒక మీటరు తగ్గింది.

పై ఆఫీసువాళ్లు ఈసారి ఒకే ఒక్క సందేహం అడిగారు. గడప అనేది ఆఫీసు లోపలా, బయటా? మనిషి బయట నిలబడి పేరు చెప్పినట్టయితే అది అధికారి సమక్షం ఎలా అవుతుంది? ఇంజనీరు వచ్చి టేపు పెట్టి గడపను కొలిచాడు. లోపలి సగం ఆఫీసుదని, బయటి సగం ప్రజలదని, మనిషి బయట ఉన్నా మాట లోపల వినబడింది గనుక మాట ఆఫీసులోనే పలికినట్టు భావించవచ్చని నివేదిక ఇచ్చాడు. ఆ ఇంజనీరు మంచివాడు. మామూలుగా నెల పట్టే పనిని మూడు రోజుల్లో పూర్తిచేశాడు.

ఊరు ఒక్క మీటరు ఎత్తులో ఉండగా గెజిట్ వచ్చింది. చెప్పిన మాటను ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా రాయాలన్నది నియమం గనుక, ఎనిమిది వందల ఎనభై తొమ్మిది మీటర్ల ఎత్తున్న ఆ పర్వతానికి “నానూ దాలయ్యా వచ్చినాం” అనే పేరు ఖాయమైంది. పటంలో ఆ పేరు కొండ మీద పట్టక, సగం సముద్రంలోకి పోయింది. విమానాలకు, ఓడలకు, వాతావరణ కేంద్రానికి తెలియజేశారు. ఆ సాయంత్రం రేడియోలో, నానూ దాలయ్యా వచ్చినాం పడమటి వాలు మీద ఓ మోస్తరు వర్షాలు కురుస్తాయని చదివారు. కొర్లమ్మ రేడియో ముందు నుంచి లేచి లోపలికి వెళ్లిపోయింది. ఊరంతా వినేలా చెప్పేశారని రెండు రోజులు బయటికి రాలేదు.

కొండ ఆగింది. దిగిన రెండు వందల ముప్పై అయిదు మీటర్లు తిరిగి ఇవ్వాలని మూడో మలుపు వాళ్లు అడిగారు గానీ, అలాంటి నిబంధన లేదు. వాళ్లూ గట్టిగా అడగలేదు. ఒక్క మీటరు ఎత్తులో కూడా బతకవచ్చని తేలింది. పోటు సమయంలో నీళ్లు వాకిళ్ల దాకా వచ్చి, చెప్పులు తీసుకుని పోయేవి. మగవాళ్లు అటక మీంచి వలలు దించి, చిరుగులు కుట్టుకున్నారు. ఇంటి గుమ్మంలోంచే వల వేయవచ్చునని, ఇంత సదుపాయం శ్రీకాకుళంలో కూడా లేదని ఒకరిద్దరు అన్నారు. ఈ మాటను ప్రభుత్వం పనితీరుకు నిదర్శనంగా ఒక నివేదికలో ఉదహరించారు. మనవడి కొత్త గదికి కిటికీ తలుపులు వచ్చాయి.

పదకొండు పనిదినాల తర్వాత, ఒక శుక్రవారం మధ్యాహ్నం, రద్దు సెక్షన్ నుంచి వైకుంఠరావు బల్ల మీదికి ఇంకో కాగితం వచ్చింది. దీవిలో పేర్ల సమీక్ష కొనసాగుతోందని, అందులో భాగంగా ఒక లోపం బయటపడిందని రాశారు. మొదటి మలుపు లేదు, రెండో మలుపు లేదు. ఆ రెండూ లేనప్పుడు ఉన్న మలుపు మూడోది కాజాలదు. కాబట్టి “మూడో మలుపు” అనే పేరు వాస్తవ విరుద్ధమైనందున తక్షణం రద్దు చేయడమైనది. కొత్త పేరు గురించి సంబంధిత సెక్షన్ విడిగా తెలియజేస్తుంది.

వైకుంఠరావు దాన్ని రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. లెక్క ప్రకారం అది సరైన ఉత్తర్వే. అతనికి కోపం రావలసింది, వచ్చేదారిలో ఎక్కడో ఆగిపోయింది. ఎదురుగా కొర్లమ్మ కూర్చుని ఉంది. ఆవేళ పనేమీ లేకపోయినా, కుట్టుకున్న వలలో పడిన చేపలు ఇద్దామని వచ్చింది. రాజులమ్మ వాటిని గిన్నెలో వేసుకుంటోంది. అతను కాగితంలో ఉన్నది చదివి వినిపించాడు. దాచి ప్రయోజనం లేదు.

“ఊరికా పేరు ఎవరు పెట్టారమ్మా?” అని అడిగాడు. పద్నాలుగో నియమం అతని చేతిలోనే తెరిచి ఉంది.

“మేం రాకముందు, రోడ్డేసినప్పుడు లారీ డ్రైవర్లు పెట్టినారు బాబూ.”

“వాళ్లెక్కడున్నారు?”

“ఎక్కడున్నారో. పోనుంటారు.”

వైకుంఠరావు పుస్తకం మూసేశాడు. కొర్లమ్మ తన ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టింది. గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. ఆమెకు చదువు రాకపోయినా, ఎర్ర రంగు అంకెలు బాగా గుర్తుపడుతుంది.

“రేపు రెండో శనారం గదా?”

“అవునమ్మా.”

“ఎల్లుండి ఆదారం.”

“అవును.”

“అయితే సోమారం పొద్దున దాకా ఉన్నాం,” అంది కొర్లమ్మ. ఆ మాట ఆమె ఊరటగానే అంది. లేచి, పమిట దులుపుకుంది. “సోమారం ఏదైనా పండగుందేటో సూసి ఉంచు బాబూ. ఎవుళ్ల పండగైనా పర్లేదు.”

ఆమె వెళ్లాక రాజులమ్మ చేపలు కడగడానికి వెళ్లింది. వైకుంఠరావు సోమవారం చూశాడు. నల్లగా ఉంది. మంగళ, బుధవారాలూ నల్లగానే ఉన్నాయి. రిజిస్టరులో ఆ రోజు పేజీ తీసి, ఊరి పేరు రాయవలసిన గడిలో గీత గీసి, ఎత్తు రాయవలసిన గడిలో ఒక మీటరు అని రాసి సంతకం పెట్టాడు. అయిదయింది. రేపు సెలవు. అతనికి కూడా హాయిగానే అనిపించింది.